చర్చ: గోల్ఫ్ పచ్చిక, నీటి లెక్క – మీ తరగతిలో ఏం చేయించారు?

కొబ్బరితోట టీచర్ (అమలాపురం వైపు)
మా హరిత దళం పిల్లలతో నీటి పొదుపు మీద ప్రాజెక్టు చేయించాలి. నినాదాలు రాసి గోడకు అంటించడం అంటే నాకే విసుగు పుట్టింది. అమెరికాలో ఫస్ట్ గ్రీన్ అనే కార్యక్రమం కింద బడి పిల్లలను గోల్ఫ్ మైదానానికి తీసుకువెళ్ళి మట్టి, నీరు, గడ్డి గురించి అక్కడే పాఠం చెబుతారట. మనం గోల్ఫ్ చూడాలంటే విశాఖపట్నం పోవాలి. మైదానం లేకుండా ఆ పాఠాలు ఎవరైనా చేయించారా? ఎనిమిది, తొమ్మిది తరగతులు. పెద్దగా ఖర్చు పెట్టలేం.

లెక్కల మాస్టారు, తణుకు
చేయించాను టీచరుగారూ. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు మందాన నీరు నిలిస్తే ఒక లీటరు. ఈ ఒక్క ముక్క వంటపడితే మిగతా లెక్క పిల్లలే లాగుతారు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. వేసవిలో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్లు వేసుకున్నా ఎకరానికి ఇరవై వేల లీటర్ల పైమాటే. 18 రంధ్రాల మైదానం సాధారణంగా నూరెకరాలు దాటుతుంది. బోర్డు మీద సున్నాలు పెరుగుతుంటే వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తారు.

అసలు పాఠం ఆ తర్వాత ఉంది. బంతి దొర్లి రంధ్రంలో పడే గ్రీన్లు పద్దెనిమిదీ కలిపినా రెండున్నర, మూడెకరాలే. ‘కాలువలకు నీరు ఆపి కట్టేశారు, చెరువులో సగం నీరే ఉంది, ఎవరికి పోస్తారు?’ అని అడిగి తరగతిని గ్రీన్లు, టీలు (మొదటి దెబ్బ కొట్టే చోట్లు), ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా పొట్టిగా కోసిన ఆట దారి), రఫ్ (ఆ దారికి అటూ ఇటూ ఉండే ఎత్తు గడ్డి) అని జట్లుగా విడదీశాను. నిజంగా కొరత వచ్చినప్పుడు మైదానాల్లో చేసేదీ అదే: ముందు గ్రీన్లను కాపాడుకుంటారు, ఆడే దారికి దూరంగా ఉన్న రఫ్‌ను ఎండనిస్తారు. అంతా ఒప్పుకున్నాక, కాలువ నీరు చివరగా చేరే శివారు ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, ‘అయితే మా ఊరు రఫ్ అన్నమాట’ అంది. ఆ పీరియడు మిగిలిన సమయమంతా దానికే సరిపోయింది.

శివారు రైతు, మొగల్తూరు మండలం
ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. దాళ్వాలో (రెండో పంటకు) నీటికి వంతులు పెడితే మా చేలకు నీరు ఎక్కేసరికి పైవాళ్ళ చేలు తడిసి ఆరుతుంటాయి. ఇక్కడ వరికే దిక్కు లేకపోతే గోల్ఫ్ గడ్డి గురించి మా పిల్లలకు ఎందుకండీ?

లెక్కల మాస్టారు, తణుకు
మీరు అడిగిందే పిల్లలూ అడిగారు. వరికి పంటకాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. పచ్చికకు రోజుకు 5 చొప్పున 120 రోజులు పోస్తే 24 లక్షలు. వరి రెట్టింపు తాగుతోందని తేలింది. అప్పటిదాకా గోల్ఫ్‌ను తిట్టిన వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

శివారు రైతు, మొగల్తూరు మండలం
తిండిగింజకూ ఆటకూ ఒకే కాటా పెట్టకండి మాస్టారూ. చేలో పెట్టిన నీరంతా వరి తాగేయదు. కొంత ఇంకుతుంది, కొంత కింది చేలోకి జారుతుంది, ఆపైన మురుగు కాలువలోకి పోతుంది. అదీ లెక్కలో చూపించండి. లాకు దగ్గర కాలువ నీటిని చూసుకునే లస్కరును ఒకసారి బడికి పిలవండి. నీటి మట్టం కొలిచే గేజీ పలక ఎలా చదవాలో, ఎంత ఎత్తులో ఉంటే ఏ తూముకు నీరెక్కుతుందో ఆయన చెబితే పిల్లల తలకెక్కుతుంది.

సైన్సు టీచర్, పాలకొల్లు
లస్కరు మాట బాగుంది, మేమూ పిలుస్తాం. మేము చేయించింది సీసాల ప్రయోగం. అడుగు కోసిన రెండు నీళ్ళ సీసాలను తలకిందులు చేసి మూతికి గుడ్డ కట్టాం. ఒకదానిలో కంకర, దాని మీద గోదావరి ఇసుక. రెండోదానిలో దమ్ము చేసిన చేలోంచి తెచ్చిన బురద. రెండింటిలోనూ ఒకే కొలత నీరు పోస్తే ఇసుక సీసా చూస్తుండగానే ఖాళీ అయింది. బురద సీసాలో నీరు సాయంత్రానికీ అలాగే నిలిచి ఉంది. దమ్ము చేసేది నీరు ఇంకకుండా నిలవడానికే అని రైతు పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. గోల్ఫ్ గ్రీన్ దానికి పూర్తిగా ఎదురు. అమెరికా గోల్ఫ్ సంఘం పద్ధతిలో 30 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని కింద 10 సెంటీమీటర్ల గులకరాళ్ళు, ఆ కింద నీరు పోయే గొట్టాలు ఉంటాయి.

నర్సరీ మనిషి, కడియం
మైదానం లేకపోతే మా దగ్గరికి తీసుకురండి. లాన్ గడ్డి చాపల్లా కోసి అమ్ముతాం. వినాయక చవితికి పిల్లలు పీక్కొచ్చే గరికే బెర్ముడా గడ్డి. వేడి దేశాల గోల్ఫ్ మైదానాల్లో వేసేవి ఎక్కువగా దాని సంకర రకాలే. నీరు పెట్టాలా వద్దా అన్నది నడిచి చూసి చెబుతాం. అడుగు వేసి తీస్తే గడ్డి వెంటనే లేచిందా, ఈ రోజుకు అక్కర్లేదు. జాడ అలాగే ఉండిపోయి, ఆకు కాస్త బూడిద రంగుకు తిరిగితే దప్పికైనట్టు.

ఇంకొకటి చేయించండి. రెండు కుండీల్లో గరిక పెట్టి ఒకదాన్ని కత్తెరతో నేలబారుగా కోస్తూ ఉండండి, రెండోదాన్ని వదిలేయండి. నెలన్నర తర్వాత వేళ్ళు కడిగి కొలవండి. పొట్టిగా కోసినదానికి వేళ్ళూ పైపైనే ఉంటాయి, తొందరగా వాడుతుంది. గ్రీన్ మీద గడ్డిని 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కోస్తారు కాబట్టే దానికి అంత సేవ.

భౌతికశాస్త్రం, కాకినాడ
స్ప్రింక్లరు పరీక్షను ఎవరూ చెప్పలేదు. చుట్టూ గడులుగా డబ్బాలు పెట్టి పావుగంట తిప్పి, ఒక్కోదానిలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో కొలవాలి. బాగా తక్కువ పడిన నాలుగోవంతు డబ్బాల సగటును మొత్తం సగటుతో భాగిస్తే నీరు ఎంత సమంగా పడుతోందో తెలుస్తుంది. టీ కప్పులు మాత్రం వద్దు. పైకి వెడల్పయ్యే కప్పులో లోతు కొలిస్తే లెక్క తప్పుతుంది. నిలువు గోడల డబ్బాలు కావాలి. తెల్లవారుజామునే చేయండి. ఎండెక్కాక గాలికి, ఆవిరికి పోయేది ఎక్కువ, మైదానాల్లోనూ అందుకే పొద్దెక్కక ముందు తడుపుతారు.

అంతర్వేది పిల్లల పంతులు
మా దగ్గర బోరు వేస్తే ఉప్పు. అందుకని వరి నారు, గరిక పక్కపక్కన పెట్టి లీటరుకు 5 గ్రాముల ఉప్పు కలిపిన నీరు పోయించాను. నారు పసుపెక్కిపోయింది, గరిక తట్టుకుంది. సముద్రతీర మైదానాల్లో పాస్పాలమ్ అనే ఇంకా మొండి గడ్డి వేసి ఉప్పు కలిసిన నీటితోనే నెట్టుకొస్తారని చెప్పాను. మిగిలిన ఉప్పునీటిని పంట బోదెలో పారబోయనివ్వకండి.

కొబ్బరితోట టీచర్ (అమలాపురం వైపు)
అందరికీ ధన్యవాదాలు. సీసాలు, కుండీలు ఈ వారమే మొదలుపెడతాం. కాలువలు కట్టేసేలోగా లస్కరుగారిని పిలుస్తాం. రైతుగారూ, ఆ రోజు మీరూ రాగలరా? నిలువు గోడల డబ్బాలు ఇంకా దొరకలేదు. పాలపొడి డబ్బాలు సరిపోతాయా కాకినాడ మాస్టారూ?

భౌతికశాస్త్రం, కాకినాడ
సరిపోతాయి. అన్నీ ఒకే సైజువి చూసుకోండి.