స్పిరులినా తొట్టా, సోలార్ డ్రయ్యరా? బడిలో 180 మంది పిల్లలు, 25 వేల బడ్జెట్

తాడికొండ_సైన్స్:
గుంటూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. 6 నుంచి 10 వరకు 180 మంది పిల్లలు, వంట బడిలోనే. పూర్వ విద్యార్థులు 25 వేలు ఇస్తామన్నారు. వాళ్ల షరతు ఒక్కటే, ఆ డబ్బుతో చేసింది పిల్లల కంచంలోకీ రావాలి, సైన్సు పాఠానికీ పనికిరావాలి. ఇద్దరు టీచర్లు రెండు మాటలంటున్నారు. ఒకరు డాబా మీద స్పిరులినా (తినే నీలి ఆకుపచ్చ నాచు) తొట్టి అంటే, ఇంకొకరు సోలార్ డ్రయ్యర్ పెట్టి మునగాకు పొడి చేద్దామంటున్నారు. ఆవరణలో ఏడు మునగ చెట్లున్నాయి. ఏది మేలు? కొలతలతో సహా చెప్పగలరు.

నాచుతొట్టి:
స్పిరులినా గురించి ముందు లెక్క వేసుకోండి సార్. బాగా నడిచే తొట్టిలో చదరపు మీటరుకు రోజుకు 6–8 గ్రాముల ఎండు నాచు వస్తుంది. పిల్లకు 2 గ్రాముల చొప్పున 180 మందికి రోజుకు 360 గ్రాములు కావాలి. అంటే 50 చదరపు మీటర్ల తొట్టి. అంత చేసినా ఒక్కో పిల్లకు దక్కే ప్రోటీను 1.2 గ్రాములు. బడిలో ఎలాగూ పెడుతున్న కోడిగుడ్డులో 6 గ్రాములుంటుంది. విటమిన్ బి12 బోలెడు అని ప్రచారం చేస్తారు కానీ, స్పిరులినాలో ఉండేదాంట్లో ఎక్కువ భాగం మన ఒంటికి పనిచేయని రూపమే.

పైగా మన ఎండలు. నాచుకు 30–37 డిగ్రీలు హాయి, నీళ్లు 40 దాటితే పచ్చదనం పోయి పసుపెక్కి చస్తుంది. మే నెలలో బెజవాడ, గుంటూరు డాబాల మీద లోతు లేని తొట్టి సంగతి మీకే తెలుసు. వేరే నీలి ఆకుపచ్చ నాచు కలిస్తే కాలేయానికి హాని చేసే విషాలు రావచ్చు, అది కంటికి కనపడదు, ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది. పరీక్ష లేకుండా పిల్లల కంచంలో వేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

పాఠం కోసమే అయితే 20 లీటర్ల గాజు తొట్టి చాలు. లీటరుకు వంట సోడా 8 గ్రా., అయోడిన్ లేని ఉప్పు 5 గ్రా., పొటాషియం నైట్రేట్ 2 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రా., మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ 0.1 గ్రా. ఐరన్ సల్ఫేట్ లీటరుకు 0.01 గ్రా., అంటే తొట్టి మొత్తానికి చిటికెడు. దాన్ని ముందు నిమ్మరసంలో కరిగించి పోయాలి, లేకపోతే తుప్పులా అడుక్కి దిగిపోతుంది. కుళాయి నీళ్లయితే ఒక రోజు మూత తీసి ఉంచి క్లోరిన్ పోనివ్వండి. విత్తన నాచు పోసిన మొదటి వారం నీడలోనే ఉంచాలి, పలచగా ఉన్నప్పుడు నేరుగా ఎండ తగిలితే తెల్లబడిపోతుంది. చేపల తొట్టి గాలి పంపు ఆపకండి. మైక్రోస్కోపు కింద స్ప్రింగులా చుట్టుకున్న పోగులు కనపడతాయి. చూడనివ్వండి, తిననివ్వకండి.

ఎండపెట్టె:
ఆయన చెప్పింది సరైనదే, నా ఓటు డ్రయ్యర్‌కే. సైజు పొడి అవసరాన్ని బట్టి ఉండాలి. పిల్లకు 3 గ్రాములు, వారానికి రెండుసార్లు అంటే 180 మందికి 1.08 కిలోల పొడి. పచ్చి ఆకులో నీరు దాదాపు 77 శాతం. కిలో ఆకు 7 శాతం తేమ దాకా ఎండితే 247 గ్రాములు మిగులుతుంది. అంటే వారానికి సుమారు నాలుగున్నర కిలోల దూసిన ఆకు, రెమ్మలతో కలిపి ఏడెనిమిది కిలోలు. ఏడు చెట్లలో వారానికో చెట్టు చొప్పున కొమ్మలు కొట్టుకుంటూ పోతే, మళ్లీ దాని వంతు వచ్చేసరికి చిగురిస్తుంది.

ట్రేలో చదరపు మీటరుకు కిలో మించి పరవకూడదు. 60×100 సెం.మీ. ట్రేలు నాలుగు, వారానికి రెండు దఫాలు. ఇంతకు మించి పెద్దది అక్కర్లేదు.

ఎండ నేరుగా ఆకుకు తగలని రకమే చేయించండి. పారదర్శక మూత వేసిన పెట్టెలో నేరుగా ఎండబెడితే కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) పోతుంది, ఆకు గడ్డి రంగుకు తిరుగుతుంది. కాబట్టి రెండు భాగాలుండాలి. కింద ఒకటిన్నర చదరపు మీటర్ల వేడి పలక: నల్ల మ్యాట్ పెయింటు వేసిన జీఐ (జింకు పూత) రేకు, దానిపైన 5–7 సెం.మీ. ఖాళీ వదిలి 4 మి.మీ. గాజు. ముఖం దక్షిణానికి, వాలు 20–25 డిగ్రీలు. మన అక్షాంశం 16 చిల్లర, అంతకన్నా కాస్త ఎక్కువ వాలిస్తే చలికాలం పనికొస్తుంది. పైభాగం ట్రేల అల్మారా, చీకటిది. వేడి గాలి అడుగునుంచి ఎక్కి పైన గొట్టంలోంచి పోవాలి. పైన 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను, 10 వాట్ల ప్యానెల్‌కు నేరుగా కలిపేయండి. ఎండ ఎక్కువైతే ఫ్యానూ వేగంగా తిరుగుతుంది, వేరే కంట్రోలు పనిలేదు.

ట్రేకు స్టీల్ జల్లెడ వాడండి, జీఐ జాలీ వద్దు. గాలి వచ్చే, పోయే రెండు రంధ్రాలకూ దోమతెర, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు (చీమలకు). పెయింటు ఆరాక మూడు నాలుగు రోజులు ఖాళీగా ఎండలో నడపండి, లేదంటే మొదటి పొడంతా పెయింటు కంపే.

లోపల 50–55 డిగ్రీలు ఉండాలి. 60 దాటితే ఆకు గోధుమ రంగు. ఏప్రిల్, మేలలో 65 కూడా దాటుతుంది, అప్పుడు కింది గాలి తలుపు పూర్తిగా తెరిచి గాజు సగం మీద గోనె కప్పాలి. పొద్దున మంచు ఆరాక ఆకు కోసి, మంచినీళ్లతో కడిగి, లీటరుకు 10 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో 3–5 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి వడకట్టి 11 లోపు ట్రేలకెక్కించాలి. పిడికిట్లో నలిపితే గలగలమని పొడి కావాలి. అంతకన్నా నమ్మకమైంది తక్కెడ: గంట తేడాతో రెండుసార్లు తూచినా బరువు మారకపోతే అయినట్టు.

ఇందులోనే పాఠముంది. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్లు. 2.4 కిలోల ఆకులోంచి 1.8 కిలోల నీరు పోవాలి. పలక మీద రోజంతా పడ్డ ఎండలో ఎంత శాతం పనికొచ్చిందో తొమ్మిదో తరగతి లెక్క కడుతుంది, గంటగంటకూ తూచిన బరువుతో ఎనిమిది వాళ్లు గ్రాఫు గీస్తారు.

కందిపొడి_ముద్ద:
పొడి అయ్యాక అసలు గండం కంచం దగ్గరే. ఆకు చేదు. మొదటి రెండు వారాలు పిల్లకు ఒక గ్రామే. పప్పులో అయితే దించాక కలపాలి, పొయ్యి మీద మరిగిస్తే రంగూ పోతుంది, వాసనా మారుతుంది. ఇంకా మేలు మునగ కందిపొడి: కందిపప్పు కిలో, పుట్నాలు అరకిలో, ఎండుమిర్చి 100 గ్రా., జీలకర్ర 40, ఉప్పు 80. వేయించి చల్లారాకే మునగ పొడి 180 గ్రాములతో మొదలుపెట్టి, నెమ్మదిగా 540కి పెంచండి. గుంటూరు కారం మీ ఇష్టం కానీ ఆరో తరగతి వాళ్లను గుర్తుపెట్టుకోండి. ముద్దలో చుక్క నూనె పడాలి, కెరోటిన్ ఒంటికి పట్టేది దాంతోనే.

ఇక ఐరన్ గురించి గోడ మీద పెద్ద మాటలు రాయకండి. చార్టుల్లో కనిపించే 100 గ్రాములకు 28 మి.గ్రా. లెక్కే తీసుకున్నా 3 గ్రాముల్లో 0.84 మి.గ్రా. బడికి బలవర్ధక బియ్యం (ఐరన్ చేర్చిన గింజలు కలిపినది) వస్తే, దాంట్లో కిలోకు 28–42.5 మి.గ్రా. ఉంటుంది, 150 గ్రాముల బియ్యం తిన్న పిల్లకు 4.2 మి.గ్రా. పైనే. ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని పిల్లలు ఏరి పారేయకుండా చూస్తే మునగ పొడి కన్నా ఎక్కువ లాభం. ‘నారింజకు ఏడు రెట్లు విటమిన్ సి’ అన్నది పచ్చి ఆకు మాట, ఎండాక చాలావరకు పోతుంది. ఐరన్ ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయం కావాలి, అందుకే ముద్ద మీద నిమ్మచెక్క పిండాలి.

విటమిన్ సి సంగతినీ పాఠం చేయొచ్చు. గంజి నీళ్లలో బెటాడిన్ (గాయాలకు రాసే అయోడిన్ మందు) రెండు చుక్కలు వేస్తే నీలంగా అవుతుంది, విటమిన్ సి ఆ రంగును పోగొడుతుంది. రంగు పోవడానికి పచ్చి నిమ్మరసం ఎన్ని చుక్కలు, పది నిమిషాలు మరిగించింది ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టించండి. ఆకు రసంతో చేయకండి, దాని పచ్చరంగే అడ్డం.

తాడికొండ_సైన్స్:
చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. వానాకాలం ఎలా? ఆకు తగ్గితే ఊళ్లో పొలం గట్ల మీద చెట్ల నుంచి తెచ్చుకోవచ్చా?

ఎండపెట్టె:
గట్ల మీద ఆకు వద్దు. మిరప, పత్తి చేల పక్కవైతే మందు తుంపర్లన్నీ వాటి మీదే. ఇళ్ల పెరళ్లలోది అడగండి, అదీ గొంగళిపురుగు పట్టని చెట్టుదే. నూగు ఆకుకు అంటుకుంటే కడిగినా పూర్తిగా పోదు, గొంతు దురద.

ముసురు రోజు ట్రే ఎక్కించకండి. సగం ఎండింది రాత్రంతా ఉంటే నల్లబడి పులిసిన వాసన వేస్తుంది, అది పారేయాల్సిందే. ఆషాఢంలో ఎలాగూ మునగాకు తినాలంటారుగా, జూలై నుంచి అక్టోబరు దాకా పచ్చి ఆకే పప్పులో వేయించండి. పొడి జనవరి నుంచి చేసుకుని, గాలి చొరని స్టీలు డబ్బాల్లో చీకట్లో ఉంచి, రెండు మూడు నెలల్లో వాడేయండి. డబ్బా మీద తేదీ రాసే పని పిల్లలకివ్వండి. ఉండ కట్టిన డబ్బా మాత్రం మళ్లీ ఎండబెట్టి వాడొద్దు.