హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ (1/72): టేపు తీస్తే కామఫ్లాజ్ రంగు కూడా ఊడి వస్తోంది

గోదావరిగట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ప్లాస్టిక్ మోడళ్ల ఫోరంలో చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. నాది మందుల షాపు. రాత్రి పదింటికి షట్టర్ దించాక ఓ గంట, గంటన్నర ఈ పని పెట్టుకుంటాను. మా ఆవిడ దీన్ని ప్లాస్టిక్ పూజ అంటుంది.

ప్రస్తుతం బల్ల మీద ఉన్నది ఎయిర్‌ఫిక్స్ కంపెనీ కిట్, 1/72 (అసలులో 72వ వంతు) స్పిట్‌ఫైర్ మార్క్ 1, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం. పెట్టెలో ఇచ్చిన గుర్తులు వద్దనుకుని, 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ విమానంగా చేస్తున్నాను. బ్రిటిష్ వాయుసేనలో నిజాం డబ్బు ఇచ్చినందుకు హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్ ఉందని, వాళ్ల చిహ్నంలో నిజాం తలపాగా ఉందని, 1940లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో డోర్సెట్ దగ్గర వార్మ్‌వెల్ నుంచి ఎగిరారని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. విమానం పక్కన వేసే కోడ్ అక్షరాలు యూ, ఎం. పాత డీకాల్ షీట్లు (తడిపి అంటించే గుర్తుల కాగితాలు) వెతికితే రెండూ దొరికాయి. అక్కడిదాకా అంతా బాగుంది.

రంగుల దగ్గర చిక్కొచ్చింది. అడుగు భాగానికి స్కై, పైన డార్క్ ఎర్త్ (గోధుమరంగు), డార్క్ గ్రీన్. మూడూ టమియా అక్రిలిక్, మూడూ బ్రష్‌తోనే వేశాను. గోధుమరంగు రెండో కోటింగ్ వేస్తుంటే మొదటి కోటింగ్ బ్రష్‌కు చుట్టుకుని లేచింది, దిబ్బరొట్టె పెనానికి అంటుకుని చిరిగినట్టు. ఎలాగో సరిచేసి, ఒక రోజు ఆరనిచ్చి, టేపు అంటించి ఆకుపచ్చ వేశాను. టేపు లాగితే ఎడమ రెక్క మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు ఊడి, కింద బూడిదరంగు ప్లాస్టిక్ కనిపించింది. రెండు రంగులు కలిసేచోట గోటికి తగిలేంత గట్టు కూడా మిగిలింది.

ఇంకో అనుమానం. ఆ అంచులు కత్తితో కోసినట్టు ఉండాలా, పొగలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలా? ఒక్కో ఫొటో ఒక్కోలా ఉంది. నా దగ్గర కంప్రెసర్, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే చిన్న గన్ను) లేవు, ఇప్పట్లో కొనే ఆలోచన కూడా లేదు. ఇక ‘స్కై’ అంటే ఆకాశం రంగనుకుని మూత తీస్తే పాలలో ఆకుపసరు కలిపినట్టుంది. సీసా మారిపోయిందా?

డీకాల్‌దిగులు (హైదరాబాద్):

ఫొటో చూశాను అన్నా, ప్రాణం ఉసూరుమంది. మూడు ప్రశ్నలు: రంగు వేసే ముందు ముక్కల్ని కడిగారా? ప్రైమర్ వేశారా? టమియాని సీసాలోంచి తీసి అలాగే బ్రష్‌తో పూశారా?

గోదావరిగట్టు:

కడగాలని తెలియదు. ప్రైమర్ లేదు. అలాగే పూశాను. మూడింటికి సున్నా మార్కులు.

పాతబ్రష్ (విజయవాడ):

తమ్ముడూ, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, నాకు అరవై తొమ్మిది. రైల్వే వర్క్‌షాపు పెయింట్ సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. బోగీకి రంగు వేయడం సగం రోజు పని, దానికి ముందు రుద్దడం, కడగడం, లప్పం పెట్టడం మూడు రోజుల పని. మీ కుర్రాళ్లంతా ఆ సగం రోజు పనినే ముందు మొదలెడతారు.

అచ్చులోంచి ప్లాస్టిక్ తేలిగ్గా ఊడి రావడానికి నూనె లాంటిది వాడతారు. అది ముక్కల మీద ఉండిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, రాత్రంతా ఆరనివ్వాలి. ఆ తర్వాత ప్రైమర్. మోడల్స్ కోసమే డబ్బాల్లో వచ్చే స్ప్రే ప్రైమర్ చాలు, పల్చగా రెండుసార్లు. నీ రంగు పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు కాబట్టే టేపు పట్టుకుపోయింది. టేపు తప్పు తక్కువ. కార్లకు రంగు వేసేవాళ్లు వాడే పసుపు టేపు అంటించి ఉంటే మాత్రం దానికీ వాటా ఉంది, దాని జిగురు ఎక్కువ. మోడల్స్‌కి వచ్చే టేపునైనా ముందు అరచేతికి రెండుసార్లు అంటించి తీసి, అప్పుడు వాడు.

ఇప్పుడు టమియా సంగతి. మంచి రంగే, కానీ స్ప్రే గన్నుకు మంచిది. అందులో ఉండే ఆల్కహాల్ రెండో కోటింగ్ వేయగానే కింద ఆరిన కోటింగ్‌ని మళ్లీ నానబెడుతుంది. గన్ను అయితే ముట్టుకోకుండా పైనుంచి చల్లిపోతుంది. బ్రష్ రుద్దుతుంది కాబట్టి పొర లేచి వస్తుంది. దానికి తోడు రోహిణి కార్తెలో, అదీ రాజమండ్రిలో, సీసాలోంచి రెక్క దాకా వచ్చేలోపే బ్రష్ కొన ఆరిపోతుంది. బ్రష్‌తోనే వేస్తానంటే హంబ్రోల్ ఎనామెల్ తీసుకో. డార్క్ ఎర్త్‌కి 29 నంబరు, డార్క్ గ్రీన్‌కి 30, అడుగుకు 90. వాసన వస్తుంది, ఆరడానికి రోజు పడుతుంది, టేపు వేయాలంటే రెండు రోజులు ఆగాలి. కానీ గీతలు పడకుండా దానంతట అదే సర్దుకుంటుంది. వాసన గొడవ వద్దనుకుంటే వల్లేహో కంపెనీ నీళ్ల రంగు. అది కూడా బ్రష్‌కు లొంగుతుంది, పల్చగా మూడు నాలుగు కోటింగ్‌లు వేయాలి. ఏదైనా తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు వెయ్యి. ఫ్యాన్ కట్టెయ్యి.

ఇప్పటిదాకా వేసినదాన్ని తుడవడానికి మందు నీ షాపులోనే ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ), దూది. టమియా వెన్నలా దిగిపోతుంది. పైలట్ అద్దానికి మాత్రం తగలనివ్వకు.

అంచు గురించి అడిగావు. లెక్క వేసుకో. అసలు విమానం మీద స్ప్రే అంచు ఒక అంగుళం మేర కలిసిందనుకుందాం, అంటే 25 మిల్లీమీటర్లు. 72తో భాగిస్తే 0.35 మిల్లీమీటర్. సన్న బాల్‌పెన్ గీత అంత. మూరెడు దూరంలో పెట్టుకుని నీ బొమ్మను చూస్తే, అసలు విమానాన్ని 33 మీటర్ల అవతల నుంచి చూసినట్టు. అక్కడి నుంచి ఆ అంగుళం ఎవడికి కనిపిస్తుంది? 1/72 మీద పొగలా అంచు వేసినవాళ్లవి చూశాను. చాలావాటిలో అసలు విమానానికి లెక్కగడితే ఆ పొగ ఒక అడుగు వెడల్పు. అందుకని బ్రష్‌తో నీట్‌గా అంచు తీసుకో, దాని గురించి దిగులు పడకు. టేపు కూడా అక్కర్లేదు. పెన్సిల్‌తో లేతగా గీసుకుని, అంచును సన్న బ్రష్‌తో తీసి, లోపల వెడల్పు బ్రష్‌తో నింపు. అప్పుడు గట్టు కూడా రాదు. టేపు అంచుకు రంగును తోస్తే అక్కడ పోగుపడి గట్టు కడుతుంది. ఇప్పటికే ఉన్న గట్టైతే 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది.

వరస: ముందు అడుగు, తర్వాత పైనంతా గోధుమరంగు, ఆపైన ఆకుపచ్చ పట్టీలు. ఆకుపచ్చలో ఒకటి రెండు చుక్కలు లేత ఇసుకరంగు కలుపు. చిన్న బొమ్మ మీద సీసాలో రంగు ఉన్నదున్నట్టు వేస్తే నల్లగా కొడుతుంది.

పట్టీల ఆకారం కంటితో చూసి గీయకు. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, నీ బొమ్మకు 15.6 సెంటీమీటర్లు రావాలి. ఇన్‌స్ట్రక్షన్ కాగితంలో బొమ్మ 11.3 సెంటీమీటర్లు ఉందనుకో, జిరాక్స్ షాపులో 138 శాతం పెట్టమని చెప్పు. దాని మీద ట్రేసింగ్ పేపర్ వేసి పట్టీలు కోసుకో. ఒక్కటి గుర్తుంచుకో: రెక్క మీద పట్టీ, బాడీ మీద పట్టీ రెక్క మొదట్లో కలవాలి. అక్కడ తేడా వస్తే బొమ్మంతా అతుకుల బొంతలా ఉంటుంది.

లెస్టర్‌లో_ఉంటా:

పాతబ్రష్ గారి లెక్క 1/72 వరకు ఒప్పుకుంటాను. 1/48లో అదే అంచు అర మిల్లీమీటర్ దాటుతుంది, కంటికి తెలుస్తుంది. అక్కడ బ్లూటాక్‌ను (గోడకు కాగితాలు అంటించే మెత్తటి జిగురు ముద్ద) తాడులా చేసి అంటించి, పైనుంచి ఎయిర్‌బ్రష్ కొట్టేవాళ్లం ఉన్నాం. (ఒకసారి బ్లూటాక్ అయిపోతే చపాతీ పిండి వాడాను. ఆరి బీటలు వారి, బీటల్లోంచి రంగు దిగింది. మీరు చేయకండి.)

గోదావరిగట్టు గారూ, సీసా మారలేదు. స్కై అంటే అదే రంగు, బూడిద కలిసిన లేత పసరు. 1940 జూన్‌లో ఫైటర్ల అడుగు భాగానికి ఈ రంగు వేయమని ఆర్డర్ వచ్చింది. మొదట్లో సరిపడా రంగు అందక ఎక్కడికక్కడ కలిపి వేసుకున్నారు, కాబట్టి మీది కొంచెం నీలంగా ఉన్నా ఎవరూ కేసు పెట్టరు. నా కంటికి టమియా స్కై పసుపు ఎక్కువ.

ముందు తేల్చుకోవాల్సింది నెల. జూన్‌కు ముందైతే అడుగున ఎడమ రెక్క నలుపు, కుడి రెక్క తెలుపు. 1940 నవంబర్ చివర్లో మళ్లీ ఎడమ రెక్క అడుగు నల్లగా మార్చమన్నారు, ముక్కు మీద స్పిన్నర్‌కు (ప్రొపెల్లర్ మధ్య టోపీ), తోక ముందు ఒక పట్టీకి స్కై రంగు వచ్చింది. 152 వాళ్లు వార్మ్‌వెల్‌కు వచ్చింది జూలైలో. జూలైకీ నవంబర్‌కూ మధ్య అనుకుంటే అడుగంతా స్కై, తోక దగ్గర పట్టీ లేదు, స్పిన్నర్ నలుపు. మీకు పని తక్కువ. గోధుమరంగు ఎన్నాళ్లో లేదు కూడా. 1941 ఆగస్టులో దాన్ని తీసేసి ఓషన్ గ్రే వేశారు. అప్పటికి పోరు ఇంగ్లండ్ పొలాల మీద నుంచి సముద్రం దాటి ఫ్రాన్స్ మీదికి, ఇంకా ఎత్తుకు వెళ్లింది. దున్నిన నేల రంగుతో అక్కడ పనేముంది.

ఇంకొకటి. పట్టీల అమరిక రెండు రకాలు, ఏ అనీ బీ అనీ. ఒకటి ఇంకోదానికి అద్దంలో ప్రతిబింబం. సీరియల్ నంబరు సరి, బేసిని బట్టి మార్చి మార్చి వేసేవారు. ఫొటోలో మీ విమానం ఏదో చూసుకుని మొదలెట్టండి.

లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఆ కాలపు మార్క్ 1 ఒకటి పైకప్పు నుంచి వేలాడుతోంది, ఆర్ 6915. అది 609 స్క్వాడ్రన్‌ది. వాళ్లు కూడా వార్మ్‌వెల్‌కు వచ్చి ఎగిరేవాళ్లు, అంటే మీ హైదరాబాద్ వాళ్ల ఇరుగుపొరుగు. కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. రెక్క ముందు అంచు దగ్గర పై రంగు ఎక్కడ ఆగి స్కై ఎక్కడ మొదలవుతుందో అక్కడ బాగా తెలుస్తుంది.

బర్మాబండి (ఖమ్మం):

అన్నా, ఇది అయ్యాక ఇదే స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ మార్క్ 8 చెయ్యండి. బర్మా యుద్ధంలో వాడినవి. రౌండెల్‌లోంచి (విమానం మీది గుండ్రటి గుర్తు) నల్ల చిరుత దూకుతున్నట్టు బొమ్మ వేసుకున్నారు, చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. అక్కడ రౌండెల్స్‌లో ఎరుపు ఉండదు. జపాన్ వాళ్ల ఎర్ర సూర్యుడు అనుకుని సొంతవాళ్లే కాల్చకుండా తీసేశారు.

పాతబ్రష్:

ముందు ఒకటి పూర్తి కానివ్వు నాయనా.

డీకాల్‌దిగులు:

డీకాల్స్ అంటించే ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక కోటింగ్ తప్పనిసరి. మ్యాట్ రంగు మీద నేరుగా అంటిస్తే కింద గాలి ఇరుక్కుని అభ్రకంలా మెరుస్తుంది. నా పేరు ఊరికే రాలేదు.

గోదావరిగట్టు:

మూడు వారాలు అయింది, వానలు కూడా మొదలయ్యాయి. ఐపీఏతో మొత్తం తుడిచేశాను. కడిగాను, ప్రైమర్ కొట్టాను, హంబ్రోల్ తెప్పించాను. అడుగు, గోధుమరంగు చాలా బాగా వచ్చాయి, బ్రష్ గీత ఒక్కటి లేదు. గురువుగారి మాట విని జిరాక్స్ షాపుకు వెళ్లి 138 అంటే, “ఏం ప్లాన్ సార్, ఇల్లు కడుతున్నారా” అని అడిగాడు.

నిన్న రాత్రి రెక్కల మీద ఆకుపచ్చ పూర్తయింది. బాడీకి పెన్సిల్ గీద్దామని కూర్చుంటే రెక్క మొదట్లో ఒక్క పట్టీ కూడా కలవలేదు. గోధుమరంగుకు ఎదురుగా గోధుమ రావాల్సిన చోట ఆకుపచ్చ. అరగంట తల పట్టుకున్నాను. మంచినీళ్లకు లేచిన మా అమ్మాయి చూసి, “నాన్నా, ట్రేసింగ్ పేపర్ బోర్లా వేశావు, అక్షరాలు తిరగబడి ఉన్నాయి చూడు” అంది. నిజమే. రెక్కలన్నీ అద్దంలో బొమ్మ.

మళ్లీ ఐపీఏ సీసా బల్ల మీద పెట్టాను, కానీ చెయ్యి రావడం లేదు.

లెస్టర్‌లో_ఉంటా:

ఆగండి ఆగండి! అది బీ పాటర్న్. బాడీ బొమ్మలు కూడా తిరగేసుకోండి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. అన్నీ కలుస్తాయి. సీరియల్ నంబరు అంటించేశారా?

గోదావరిగట్టు:

లేదు. ఇంకా షీట్లోనే ఉంది.

పాతబ్రష్:

అయితే ఆ సీసా మూత పెట్టు. ఎనామెల్‌కి అది ఎలాగూ సరిగ్గా పనిచెయ్యదు.