ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో పుల్డ్ పోర్క్: టైమ్ ఎంత పెట్టాలి, సాస్ ఎప్పుడు వేయాలి?

ఆదివారం_విందు

హాయ్ అండి అందరికీ. ఆదివారం మధ్యాహ్నం ఓ పది మంది వస్తున్నారు, బన్స్‌లో పెట్టి ఇవ్వడానికి పుల్డ్ పోర్క్ (మెత్తగా ఉడికించి నారలుగా విడదీసే పంది మాంసం) చేద్దామని షోల్డర్, అంటే భుజం మాంసం తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టా, బోన్‌లెస్సే, రెండు కేజీలు ఉంటుంది. 6 లీటర్ల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ ఉంది, ఓవెన్ ఉంది, స్మోకర్ (పొగలో మాంసం వండే పొయ్యి) లాంటివేం లేవు.

ఏ రెసిపీ చూసినా ఒక్కోటి ఒక్కోలా చెప్తోంది. ఒకరు 45 నిమిషాలు చాలంటారు ఇంకొకరు గంటన్నర అంటారు, ఒకరు బార్బెక్యూ సాస్ మొత్తం ముందే పోసేయమంటారు ఇంకొకరు అలా పోస్తే అడుగంటుతుంది జాగ్రత్త అంటారు, నీళ్ల సంగతైతే అరకప్పు నుంచి మూడు కప్పుల దాకా ఎవరికి తోచింది వాళ్లు రాశారు. ముక్కలు కోసి వేయాలా, అలాగే మొత్తం వేయాలా? శనివారం రాత్రే చేసి పెట్టేసుకోవచ్చా? చేసినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్, వచ్చేవాళ్లకి బాగా పెట్టాలని ఉంది.

నెమ్మది_మంట

టైముల్లో అంత తేడా ఎందుకో ముందు చెప్తా, అది తెలిస్తే సగం డౌట్లు తీరిపోతాయి. చూడాల్సింది ముక్క మందం అండి, మొత్తం బరువుతో పెద్దగా పని లేదు. వేడి బయట నుంచి మధ్యలోకి పాకాలి కదా, మందం సగం చేస్తే అది మధ్యకి చేరే టైమ్ దాదాపు నాలుగో వంతుకి పడిపోద్ది. అందుకే రెండు కేజీలు ఒకే ముద్దగా వేస్తే 90 నిమిషాలు పైనే పడుద్ది, అదే ఐదారు ముక్కలు చేసి వేస్తే 60 సరిపోద్ది. 45 అన్నవాళ్లు ఇంకా చిన్నగా కోసుంటారు, లేదంటే స్టవ్ మీద పెట్టే కుక్కర్ అయ్యుంటది. స్టవ్ కుక్కర్లు 15 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాకా వెళ్తాయి అంటే లోపల 121 డిగ్రీలు, ఎలక్ట్రిక్‌వి చాలావరకు 10-12 దగ్గర ఆగుతాయి, 115 నుంచి 118 డిగ్రీలు అన్నమాట. ఆ కాస్త తేడాకే టైమ్ బాగా మారుద్ది.

మీరు ముక్కలే చేయండి, ఒక్కోటి 350-400 గ్రాములు ఉండేట్టు. మరీ చిన్నవి చేయొద్దు, నారలు పొట్టిగా తెగిపోయి కీమాలా అయిపోద్ది, పుల్డ్ పోర్క్ అందమంతా ఆ పొడుగాటి నారల్లోనే ఉంది. అన్నీ ఒకే మందంలో ఉండేట్టు చూసుకోండి, ఇది మాత్రం ముఖ్యం.

షోల్డర్ తెచ్చి మంచి పని చేశారు. అది జంతువు రోజంతా వాడే కండ, దాన్నిండా కొలాజెన్ (కండని పట్టి ఉంచే గట్టి ప్రోటీన్) ఉంటది, మామూలుగా వండితే నమలలేం. 70 డిగ్రీలు దాటాక అది మెల్లగా కరిగి జెలటిన్ అవడం మొదలవుద్ది, ముక్క మధ్యలో 90 నుంచి 96 డిగ్రీలకి వచ్చేసరికి ఫోర్క్ గుచ్చి తిప్పితే విడిపోద్ది. ఆ జెలటిన్, కొవ్వే తినేటప్పుడు నోటికి తడిగా తగిలేది. కొంతమంది కొవ్వు తక్కువని లాయిన్ (వీపు దగ్గరి మాంసం) తెస్తారు, అందులో కొలాజెన్ పెద్దగా ఉండదు కాబట్టి గంట ఉడికిస్తే ఎండిపోయిన దారాల్లా వస్తది, ఎంత సాస్ కలిపినా బాగవ్వదు.

ఇంకోటి, తినడానికి సురక్షితం అవ్వడం వేరు, మెత్తబడడం వేరు. పోర్క్ ముక్కలు 63 డిగ్రీలకి చేరి 3 నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో చెప్పింది, కానీ 63 దగ్గర ఆపేసిన షోల్డర్‌ని పీకడం ఎవరి వల్లా కాదు. టైమర్ మోగింది కాబట్టి అయిపోయింది అనుకోకండి, ఫోర్క్ ఏం చెప్తే అదే ఫైనల్.

ఇక నీళ్లు ఒక కప్పు, 240 ఎంఎల్, అంతే. మూత పెట్టాక ఆవిరి బయటికి పోదు, పైగా మాంసం నుంచే బోలెడు రసం దిగుద్ది, మూత తీసేసరికి ఒకటికి రెండు మూడు కప్పులు అయ్యుంటది. మూడు కప్పులు పోస్తే అది సూప్. ఉత్తి నీళ్ల బదులు సగం యాపిల్ సైడర్ వెనిగర్ సగం స్టాక్ (ఎముకలు, కూరగాయలు ఉడికించిన రసం) పోయండి, కొవ్వున్న మాంసానికి ఆ పులుపు చాలా బాగుంటది. మీ కుక్కర్ పుస్తకంలో కనీసం ఎంత పోయాలో రాసుంటది, దానికంటే తగ్గించొద్దు.

బార్బెక్యూ సాస్ ముందు అస్సలు పోయొద్దు. అది చిక్కగా ఉంటది, నిండా చక్కెర, గిన్నె అడుగున కూర్చుని నీళ్లని కదలనివ్వదు, అడుగు వేడెక్కిపోయి డిస్‌ప్లే మీద బర్న్ అని వచ్చి ప్రెషర్ ఎక్కకుండానే ఆగిపోద్ది. కెచప్ అయినా అంతే. సాస్ పనంతా చివర్లోనే.

అలాగే 60 నిమిషాలు అంటే ప్రెషర్ ఎక్కిన తర్వాత 60. ఎక్కడానికే పావుగంట ఇరవై నిమిషాలు పడుద్ది, దిగడానికి ఇంకో ఇరవై. మొత్తం కలిపి రెండు గంటలు పక్కన పెట్టుకోండి.

గ్రాముల_లెక్క

పైన చెప్పినవన్నీ కరెక్టే, నేను ఉప్పు, మసాలా గురించి చెప్తాను. బోన్‌లెస్ కాబట్టి బరువులో 1 శాతం ఉప్పు, అంటే మీకు 20 గ్రాములు, సన్నటి ఉప్పైతే మూడున్నర టీస్పూన్లు. చాలా రెసిపీల్లో ఇంతకంటే ఎక్కువ ఉంటుంది కానీ తర్వాత ఆ రసాన్నే ఇగరబెట్టి మళ్లీ కలుపుతాం, పైన సాస్‌లో కూడా ఉప్పు ఉంటుంది, ఇప్పుడే ఎక్కువ వేస్తే అప్పుడు తీయలేం. స్టాక్ కూడా ఉప్పు లేనిదే తీసుకోండి.

ఉప్పుతో పాటు రెండు టేబుల్ స్పూన్ల బ్రౌన్ షుగర్, రెండు టేబుల్ స్పూన్ల స్మోక్డ్ పాప్రికా, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, మిరియాల పొడి, ఆవపొడి తలా రెండు టీస్పూన్లు, జీలకర్ర పొడి ఒక టీస్పూన్. ముక్కలకి ముందు రోజు రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెడితే ఉప్పు లోపలికి దిగుతుంది. టైమ్ లేకపోతే అప్పటికప్పుడు పట్టించినా పర్లేదు. ఇంకా కాస్త గడ్డకట్టి ఉంటే మాత్రం ఫ్రిజ్‌లోనే పూర్తిగా కరగనివ్వండి, మధ్యలో ఐస్ ఉంటే ఈ టైమ్‌లు ఏవీ పనిచేయవు. ఎత్తైన ప్రదేశంలో ఉంటే, 2000 అడుగులు దాటాక ప్రతి 1000 అడుగులకి 5 శాతం టైమ్ కలుపుకోండి.

ఆదివారం_విందు

చాలా చాలా థ్యాంక్స్ ఇద్దరికీ, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. ఒక డౌట్, ముందు సాటే మోడ్‌లో ముక్కలు వేయించడం నిజంగా అవసరమా? ఎలాగూ గంట ఉడుకుతుంది కదా, గిన్నె అంతా మాడుతుందేమో అని భయంగా ఉంది. వాల్వ్ కూడా వెంటనే తిప్పేయొచ్చా, దానంతట అదే దిగేదాకా ఆగాలా?

నెమ్మది_మంట

వేయించండి, తప్పకుండా వేయించండి. కుక్కర్ లోపల 118 దాటదని చెప్పా కదా, మాంసానికి ఆ కాల్చిన రంగు, రుచి త్వరగా రావాలంటే 140 అయినా దాటాలి, అందులోనూ తడి ఉండకూడదు. అంటే మూత పెట్టాక మీరు ఎన్ని గంటలు ఉంచినా ఆ రుచి రాదు, తెల్లగా ఉడికిన మాంసం రుచే వస్తది. షుగర్ మాడుద్దని భయమైతే ముందు ఉప్పు ఒక్కటే పట్టించి వేయించి, మిగతా మసాలా తర్వాత చల్లండి, అది ఇంకా సేఫ్. ముక్కలు తుడిచి, నూనె బాగా కాగాక రెండేసి మూడేసి చొప్పున వేయండి, అన్నీ ఒకేసారి వేస్తే నీరు వదిలేసి ఉడకడం మొదలవుద్ది. రెండు పక్కలు ఎర్రగా వస్తే చాలు.

తీసేశాక ఆ వెనిగర్, స్టాక్ పోసి చెక్క గరిటెతో అడుగంతా గీకేయండి, ఒక్క చోట కూడా అంటుకుని ఉండకూడదు. ఇది చేస్తే బర్న్ భయం దాదాపు పోయినట్టే, పైగా ఆ గీకిన మడ్డిలోనే రుచంతా ఉంది.

వాల్వ్ వెంటనే తిప్పొద్దు. లోపల మాంసంలో ఉన్న రసం కూడా వంద దాటిన వేడి మీద ఉంటది, ఒక్కసారిగా ప్రెషర్ తీసేస్తే అదంతా కుతకుతా మరిగి ఆవిరైపోయి ముక్క బిగుసుకుపోద్ది. 20 నిమిషాలు దానంతట దాన్ని దిగనివ్వండి, ఆ తర్వాత ఏమైనా మిగిలితే తిప్పండి. టైమ్ తక్కువగా ఉందని ఇక్కడ తొందరపడేవాళ్లు ఎక్కువ, గంట పడ్డ కష్టం అక్కడే పోద్ది.

కట్టెల_పొగ

నేను స్మోకర్‌లో చేసేవాణ్ని, కొంచెం వేరే మాట చెప్తా ఏమనుకోకండి. పుల్డ్ పోర్క్ పుట్టింది అమెరికా దక్షిణాది బార్బెక్యూలో, హికరీ ఓక్ లాంటి కట్టెల పొగలో 105-120 డిగ్రీల దగ్గర పది పన్నెండు గంటలు ఉంచితే వచ్చే ఆ నల్లటి పైపొర, ఆ పొగ వాసన కుక్కర్‌లో రావు, ఎంత బాగా చేసినా రావు. అది ముందే ఒప్పుకుని చేస్తే కుక్కర్‌ది కూడా మంచి వంటే. దానికో లాభం కూడా ఉంది, స్మోకర్‌లో మాంసం 65-75 డిగ్రీల మధ్య గంటల తరబడి కదలకుండా ఆగిపోతుంది, పైన తడి ఆరుతూ దాన్ని చల్లబరుస్తుంటుంది కాబట్టి. కుక్కర్‌లో ఆరడమే ఉండదు, అందుకే ఆ ఆగడం లేదు, అంత తొందరగా అయిపోతుంది.

పొగ రుచి కావాలంటే లిక్విడ్ స్మోక్ అర టీస్పూన్ వేయండి, అంతకంటే వద్దు, ఎక్కువైతే చేదు వస్తుంది. దాన్ని తయారు చేసేదే నిజమైన కట్టె పొగని చల్లార్చి నీళ్లలో పట్టి, కాబట్టి వేయడానికి మొహమాటపడక్కర్లేదు. లేకపోతే స్మోక్డ్ పాప్రికా ఎలాగూ ఉంది.

నేను గట్టిగా అడిగేది ఒక్కటే, సీసాలో దొరికే తియ్యటి సాస్ ఒక్కటే పెట్టకండి. నార్త్ కరోలినా తూర్పు వైపు సాస్‌లో టొమాటో అనేదే ఉండదు. ఒక కప్పు యాపిల్ సైడర్ వెనిగర్‌లో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టేబుల్ స్పూన్ బ్రౌన్ షుగర్, రెండు టీస్పూన్ల చిల్లీ ఫ్లేక్స్, కాస్త మిరియాల పొడి వేసి కలిపి ఒక రాత్రి ఉంచితే చాలు, వండక్కర్లేదు. అదే రాష్ట్రంలో పడమర వైపు లెక్సింగ్టన్ దగ్గర దీనికే కాస్త కెచప్ కలుపుతారు, సౌత్ కరోలినాలో ఆవ సాస్ ఉంటుంది. కుక్కర్ మాంసం మెత్తగా, కొవ్వుగా ఉంటుంది కదా, దానికి ఈ పల్చటి పుల్లటి సాసే సరైన జోడీ అని నా గట్టి నమ్మకం. బన్‌లో కాస్త కోల్‌స్లా (క్యాబేజీ సలాడ్) కూడా పెట్టండి, కరకరలాడేది ఏదైనా పక్కన లేకపోతే అంతా మెత్తగానే ఉంటుంది.

ఆదివారం_విందు

శనివారం సాయంత్రం ఇది. 60 నిమిషాలు పెట్టి 20 నిమిషాలు ఆగి మూత తీశా. నాలుగు ముక్కలు ఫోర్క్ పెట్టగానే విడిపోతున్నాయి, కానీ రెండు మందంగా ఉన్నవి మధ్యలో ఇంకా గట్టిగానే ఉన్నాయి, లాగితే సాగుతున్నాయి. ఎక్కువ ఉడికి గట్టిపడ్డాయా? గిన్నెలో రసం కూడా చాలా ఉంది, పైన కొవ్వు తేలుతోంది. ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉంటే చెప్పండి.

నెమ్మది_మంట

ఉన్నానండి. ఎక్కువ ఉడకడం కాదు, ఇంకా ఉడకలేదు, మెత్తటివి తీసి పక్కన పెట్టి మూత వేసేయండి. ఆ రెండిటినీ అడ్డంగా సగానికి కోసి, అదే రసంలో ఇంకో 15 నిమిషాలు ప్రెషర్ పెట్టండి, అన్నీ వేడిగానే ఉన్నాయి కాబట్టి ఈసారి ప్రెషర్ తొందరగా ఎక్కుద్ది. మళ్లీ దానంతట అదే దిగనివ్వండి. ఎక్కువ ఉడికితే సాగదు, పిండిపిండిగా అయిపోద్ది, దాన్ని బట్టి తేడా తెలుసుకోవచ్చు.

అవి కూడా అయ్యాక అన్నీ బయటికి తీసి, రసం ఒక పొడుగాటి గిన్నెలోకి వంపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి, కొవ్వంతా పైకి తేలుద్ది, గరిటెతో తీసేయండి. మిగిలింది మళ్లీ కుక్కర్‌లో పోసి సాటే మోడ్‌లో మూత లేకుండా మరగనివ్వండి, సగానికి ఇగిరి గరిటెకి కాస్త అంటుకునేట్టు వస్తే చాలు. రుచి చూస్తూ ఇగరబెట్టండి, ఉప్పు కూడా చిక్కబడుద్ది కాబట్టి.

మాంసం గోరువెచ్చగా ఉన్నప్పుడే రెండు ఫోర్కులతో విడదీయండి, చల్లారితే కష్టం. పెద్ద కొవ్వు గడ్డలు ఏరేయండి. మరీ సన్నగా వద్దు, అక్కడక్కడా వేలంత ముక్కలు ఉండనివ్వండి.

ఆదివారం_విందు

15 నిమిషాలకి పూర్తిగా విడిపోయాయి!! రసం ఇగరబెట్టాక రుచి చూశా, అదే ఒక సాస్‌లా ఉంది నిజంగా. రేపటి దాకా ఎలా ఉంచాలి, రేపు ఎలా వేడి చేయాలి?

గ్రాముల_లెక్క

ఆ రసంలోంచి ఒక కప్పు తీసి మాంసంలో కలిపేయండి, ఉత్తి మాంసం ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతుంది. లోతు తక్కువ ఉన్న వెడల్పు గిన్నెల్లో పరిచి రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, కుక్కర్ గిన్నెలో అలాగే పెడితే మధ్యలో చాలాసేపు వేడి నిలిచిపోతుంది. మూడు నాలుగు రోజులు బాగుంటుంది, అంతకంటే ఎక్కువ ఉంచాలంటే రసంతో సహా ఫ్రీజర్‌లో పెట్టేయండి. పచ్చి బరువులో సగం పైన కాస్త మిగులుతుంది కాబట్టి పది మందికి మీది సరిపోతుంది.

రేపు ట్రేలో పరిచి పైన ఫాయిల్ మూసి 150 డిగ్రీల ఓవెన్‌లో అరగంట, లోపల అంతా పొగలు వచ్చేదాకా వేడవ్వాలి. చివర్లో ఫాయిల్ తీసేసి పై గ్రిల్ ఆన్ చేసి నాలుగైదు నిమిషాలు ఉంచండి, పక్కనే నిలబడి చూడండి, అంచులు ఎర్రగా కరకరలాడేట్టు వస్తాయి. కుక్కర్ ఇవ్వలేనిది అదే, దాన్ని మాత్రం వదలకండి. మిగిలిన రసం వేడిగా పైన చల్లండి. కట్టెల_పొగ గారు చెప్పిన వెనిగర్ సాస్ ఇప్పుడే కలిపి పెట్టుకుంటే రేపటికి అందులో కారం బాగా దిగుతుంది, అది బన్‌లో పెట్టేటప్పుడు ఎవరికి కావాల్సినంత వాళ్లు వేసుకునేట్టు పక్కన పెట్టండి. కుక్కర్ మూత రబ్బరు రింగు కూడా ఈరోజే తీసి కడిగి ఆరబెట్టండి, వెల్లుల్లి, పొగ వాసన పట్టేస్తుంది దానికి.