మొదటి ట్రయాథ్లాన్‌కి తొమ్మిది వారాలే ఉంది, ఈత దగ్గరే ఆగిపోతున్నాను

లాకుల పిల్ల:
నమస్కారమండీ. నాకు 42 ఏళ్లు. నిజాంపేటలో ఉంటాను, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. డిసెంబరులో ఒక చెరువు దగ్గర జరిగే స్ప్రింట్ ట్రయాథ్లాన్‌కి డబ్బు కట్టేశాను. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. పరుగుకి బెంగ లేదు, రెండేళ్లుగా వారానికి మూడు రోజులు పరిగెత్తుతున్నాను. సైకిల్ మా తమ్ముడిది, లావు టైర్ల గేర్ల బండి.

టెన్షన్ అంతా ఈతతోనే. ఈత రాక కాదు. మాది కోనసీమ. ఆరేళ్లప్పుడే తాతయ్య నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి లాకుల దగ్గర కాలువలో దింపాడు. పెద్దమనిషి అయ్యాక ఇంట్లో మాన్పించేశారు. మళ్లీ నీళ్లలో దిగింది ఈ ఏప్రిల్‌లోనే, కాలనీ పూల్‌లో. ముప్ఫై ఏళ్లయినా ఒళ్లు మరిచిపోలేదు, దిగగానే తేలాను. ఆ రోజు ఏడుపొచ్చింది.

కానీ నాకు తెలిసింది తల పైకెత్తి ఈదే ఈత. కోచ్ చెప్పినట్టు మొహం నీళ్లలో పెడితే రెండు లెంగ్తులకే, అంటే 50 మీటర్లకే, రొప్పు వచ్చేస్తోంది. రెండు నిమిషాలు గోడ పట్టుకుంటే గానీ మళ్లీ కదలలేను. 750 మీటర్లంటే ఆ పూల్‌లో 30 లెంగ్తులు. చెరువులో గోడ కూడా ఉండదు. తల ఎత్తి ఈదితే ఒప్పుకుంటారా? మధ్యలో ఆగొచ్చా? ఇంత తక్కువ టైమ్‌లో అయ్యే పనేనా? వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామంటే మనసు ఒప్పుకోవట్లేదు.

మోటబావి:
అక్కా, మాది జగిత్యాల దగ్గర. నేను బావిలో నేర్చుకున్నా. బావి ఆ దరి నుంచి ఈ దరికి ఎంత దూరం ఉంటుంది? పూల్‌కి వచ్చాక నాదీ అచ్చం మీ పరిస్థితే, రెండు లెంగ్తులకే ఆయాసం. స్టామినా లేదనుకుని పిచ్చిగా పరిగెత్తాను. దానితో ఏమీ మారలేదు.

తల పైన ఉంచి ఈదినన్నాళ్లూ ఊపిరి గురించి ఆలోచించక్కర్లేదు. మొహం నీళ్లలోకి పోగానే మనకు తెలియకుండానే బిగబడతాం. తల తిప్పిన ఆ అర క్షణంలో పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి, రెండూ కుదరవు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఒంటికి ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. గాలి చాలక కాదు, పాతది బయటికి పోక.

పది రోజులు దూరం సంగతి మరిచిపోండి. నడుం లోతు నీళ్లలో నిలబడి మొహం ముంచి, ముక్కులోంచి "మ్‌మ్‌మ్" అని గొణుగుతూ బుడగలు వదలండి. తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే మిగలాలి. తర్వాత ఒక లెంగ్తు, పదిహేను సెకన్లు ఆగడం, మళ్లీ ఒక లెంగ్తు. మీకు సిగ్గనిపించేంత నెమ్మదిగా వెళ్లండి. కాళ్లు గట్టిగా కొట్టకండి, ఉన్న ఊపిరంతా అవే తినేస్తాయి. నాకు నాలుగో వారంలో ఒకరోజు 50 మీటర్లు ఉన్నట్టుండి 300 అయింది. మెల్లమెల్లగా పెరగలేదు, తలుపు తెరుచుకున్నట్టు వచ్చింది. మీరు వాయిదా వెయ్యకండి అక్కా.

బీచ్ రోడ్డు:
విశాఖ నుంచి. మూడు రేసుల్లో వలంటీరుగా నీళ్ల దగ్గర నిలబడ్డాను కాబట్టి రూల్స్ చెబుతాను. మనలాంటి మామూలు పోటీదారులకు ఏ స్ట్రోక్ అయినా, అంటే ఏ రకం ఈతైనా, ఒప్పుకుంటారు. అలిసిపోతే బోయ్‌నో (దారి చూపడానికి నీళ్లలో తేలేలా కట్టే పెద్ద బుడగ) ఆగి ఉన్న కయాక్‌నో (తెడ్డుతో నడిపే చిన్న పడవ) పట్టుకుని సేదదీరొచ్చు, దాన్ని పట్టుకుని ముందుకు మాత్రం జరగకూడదు. స్టార్ట్‌లో గుంపుకి వెనక, పక్కగా నిలబడి పది సెకన్లు ఆలస్యంగా దిగండి. కాళ్లూ చేతులూ తగిలే బాధ చాలావరకు తప్పుతుంది. చెరువులో అడుగున గీతలుండవు, ఎనిమిది పది బారలకోసారి మొసలిలా కళ్లు పైకి తెచ్చి బోయ్ ఎటుందో చూసుకోవాలి. తల ఎత్తి ఈదడం వచ్చినవాళ్లకి ఇది చాలా తేలిక, మీ కాలువ ఈత అక్కడ పనికొస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ప్రాక్టీసు కోసం ఒంటరిగా ఏ చెరువులోనూ దిగొద్దు. మా ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ఎంతమంది ఈతగాళ్లని తీసుకెళ్లాయో ఇక్కడ అందరికీ తెలుసు. తోడుగా ఈత వచ్చినవాళ్లు, నడుముకి కట్టుకునే రంగుల ఫ్లోట్ ఉంటేనే దిగండి.

రెండు చక్రాలు:
లావు టైర్లు తీసేసి నున్నటివి వేయించండి, గాలి టైరు పక్కన రాసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి అంకె) ప్రకారం పెట్టండి. కోకాపేట వైపు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, లారీల భయం లేకుండా తొక్కొచ్చు. వారానికోసారి సైకిల్ దిగిన వెంటనే పదిహేను నిమిషాలు పరిగెత్తండి. రేసులో హెల్మెట్ పట్టీ బిగించాకే స్టాండ్‌లోంచి సైకిల్ తియ్యాలి, మళ్లీ స్టాండ్‌లో పెట్టాకే విప్పాలి. కొత్తవాళ్లు పొరపాటు చేసేది ఇక్కడే.

లాకుల పిల్ల:
అయిపోయిందండీ! నిన్ననే. 2 గంటల 7 నిమిషాలు. ఈత 26, సైకిల్ 58, పరుగు 34, మిగతాది బట్టలూ బూట్లూ.

మోటబావి తమ్ముడూ, ఆ తలుపు నాకు ఆరో వారంలో తెరుచుకుంది. పూల్‌లో 800 ఈదాను. అయినా నిన్న మొదటి వంద మీటర్లలో అంతా పోయింది. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి, నా చెయ్యి నాకే కనపడలేదు, ఎవరి మోచెయ్యో కళ్లద్దాలకి తగిలింది. మళ్లీ ఊపిరి బిగబట్టేశాను. వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ కాసేపు ఉన్నాను. తర్వాత తల ఎత్తి, తాతయ్య నేర్పిన ఈతే ఈదుకుంటూ మొదటి బోయ్ దాకా వెళ్లాను. అక్కడ కయాక్ పట్టుకుంటే అందులోని అబ్బాయి "తొందర లేదు మేడమ్, అందరం ఇక్కడే ఉంటాం" అన్నాడు. ఆ మాటతో గుండె కుదుటపడింది. మొహం ముంచి గొణగడం మొదలుపెట్టాను, ఇక ఒడ్డు దాకా ఆగలేదు.

సైకిల్ దిగాక కిలోమీటరు వరకూ కాళ్లు నావి కావు. చివర మా అమ్మ నిలబడి ఉంది, ఆవిడే నన్ను కాలువ మాన్పించింది. తువ్వాలు పట్టుకుని వచ్చి తల తుడిచింది, ఏమీ అనలేదు.

తమ్ముడి సైకిల్ తిరిగి ఇచ్చెయ్యాలి. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొనాలంటే ఏ ఫ్రేమ్ సైజు చూడాలి?