పొట్టి అమ్మాయి షూటర్ కాలేదా? మిరేయా లూయీస్ ఆట తెలిసినవారు చెప్పండి

తిరుచానూరు అమ్మ:
మా అమ్మాయికి 14 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు. స్కూలు వాలీబాల్ జట్టులో ఉంది. ఆడితే షూటర్‌గానే, అంటే నెట్ దగ్గర ఎగిరి బంతి కొట్టే స్థానంలోనే ఆడాలని దాని పట్టు. నీ ఎత్తుకు షూటర్‌కు బంతి ఎత్తి అందించే లిఫ్టర్‌గా సరిపెట్టుకో అన్నారట. ఈమధ్య ఫోనులో క్యూబా క్రీడాకారిణి మిరేయా లూయీస్ వీడియో చూసింది. అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున అలిపిరికి తీసుకెళ్లమని ఒకటే గొడవ, మెట్లెక్కితే ఎగరడం వస్తుందట. కొండకు నడిచి వెళ్దామంటే మాత్రం దానికి ఎప్పుడూ కాళ్లనొప్పులే! ఆవిడ నిజంగా అంత పొట్టిదా? ఈ మెట్ల వల్ల ఏమైనా లాభం ఉంటుందా?

చంద్రగిరి పాత షూటర్:
అమ్మా, నేను కాలేజీ జట్టులో షూటర్‌ని. తరువాత ఇరవై ఆరేళ్లు పిల్లలకు ఆట నేర్పాను. మిరేయా పేరెత్తారు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ఆమె ఎత్తు 175 సెంటీమీటర్లు. మన గాంధీ రోడ్డులో నడిస్తే అందరూ తిరిగి చూస్తారు. ఆరడుగుల వాళ్ల మధ్య నిలబడింది కాబట్టి పొట్టిదైంది. ఎగిరినప్పుడు చెయ్యి అందిన ఎత్తు 339 సెంటీమీటర్లు. ఆడవాళ్ల నెట్ 224. ఎక్కడైనా బాస్కెట్‌బాల్ రింగు కనిపిస్తే కింద నిలబడి చూడండి, అది 305. దానిమీద ఇంకో జానెడున్నర.

1967లో పుట్టింది. పదహారేళ్ల ప్రాయానికే దేశపు జట్టులో ఉంది. ఉన్నదన్న మాటే గాని, 1984 ఒలింపిక్స్‌ను క్యూబా బహిష్కరించింది, 1988నూ బహిష్కరించింది. తొలి ఒలింపిక్స్ ఆడేసరికి 1992. మన పిల్లలు జిల్లా సెలక్షన్ ఒక్కసారి తప్పితే బూట్లు అటకెక్కిస్తారు!

1986 సంగతి చదివినప్పుడు మాత్రం నాకు నమ్మబుద్ధి కాలేదు. కాన్పయిన రెండు వారాలకే ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడింది. మన ఇళ్లలో పదకొండో రోజు స్నానం అయినా చెవుల్లో దూది తీయనివ్వరు, చన్నీళ్లు ముట్టనివ్వరు. ఈవిడ నెట్ దగ్గర ఎగిరి బంతి కొట్టింది. ఆ ఏడాది క్యూబాకు రజతం వచ్చింది. ఇది గొప్పే అయినా, మీ అమ్మాయికి ఆదర్శంగా మాత్రం చెప్పకండి.

ఆ తరువాత ఒలింపిక్ స్వర్ణాలు వరుసగా మూడు: బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ. ప్రపంచ చాంపియన్‌షిప్‌లు 1994లో, 1998లో. నాకు అన్నిటికన్నా అట్లాంటా ఇష్టం. లీగ్ దశలో రెండు మ్యాచ్‌లు ఓడిపోయి, సెమీస్‌లో బ్రెజిల్‌తో ఐదు సెట్లు పోరాడి ఫైనల్‌కు వెళ్లారు. అక్కడ చైనా. ఆ జట్టు కోచ్ లాంగ్ పింగ్, తానూ ఒకప్పుడు గొప్ప షూటరే. 3-1తో గెలిచారు. ఇక సిడ్నీ ఫైనల్లో రష్యా చేతిలో మొదటి రెండు సెట్లు పోయాక కూడా కప్పు వదల్లేదు.

మెట్లంటారా? అలిపిరిలో 3,550 మెట్లు. ఎక్కడం వల్ల భయం లేదు, గెంతుతూ దిగడం వల్లే. నేను సిమెంటు నేల మీద నాలుగేళ్లు ఎగిరాను, ఎలా దిగాలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేలమీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, కుడి మోకాటి చిప్ప అప్పడంలా చప్పుడు చేస్తుంది. ముందు మీ అమ్మాయి వేళ్లకు తడి పసుపు రాసి గోడ పక్కన నిలబెట్టండి. చెయ్యి చాచి ఒక గుర్తు, ఎగిరి ఒక గుర్తు. మూడుసార్లు ఎగరమనండి. మీరు చెయ్యి చూడకండి, పాదాలు చూడండి.

పీలేరు లిబెరో:
మేడం, 175 ఉన్న మనిషిని 157 ఉన్న పిల్లకు చూపించడం అన్యాయం కాదా? అయినా లిఫ్టర్ అంటే అంత చిన్నచూపెందుకు? రెండో టచ్‌లో బంతి ఎవరికివ్వాలో చెప్పేది ఆ పిల్లే. నాలాంటి పొట్టివాళ్ల కోసం 1998 నుంచి వెనక ఉండి బంతి కాపాడే లిబెరో స్థానం కూడా ఉంది.

చంద్రగిరి పాత షూటర్:
ఒప్పుకున్నాను నాయనా. కానీ పద్నాలుగేళ్లకే స్థానం రాసిచ్చేయడం నాకు నచ్చదు. ఇంకా ఎదిగే వయసు. అన్ని చోట్లా ఆడనివ్వాలి.

తిరుచానూరు అమ్మ:
ఇవాళ సాయంత్రం చేయించాను మేడం. నిలబడి 203, ఎగిరి 241. నెట్ మీద పదిహేడు సెంటీమీటర్లు వచ్చిందని ఇల్లంతా గంతులు. గోడ పాడైందని మా వారి సణుగుడు. మూడుసార్లలో రెండుసార్లు ఎడమకాలి మీదే దిగింది, మోకాలు లోపలికి వంగింది.

చంద్రగిరి పాత షూటర్:
నేను చూడమన్నది అదే అమ్మా. ఈ నెల అలిపిరి వద్దు. ఇంట్లో ఒక్క మెట్టు మీదినుంచి రెండు కాళ్లమీదా, చప్పుడు కాకుండా దిగడం నేర్పండి. రోజుకు ఇరవైసార్లు చాలు. ఆ పసుపు గుర్తులు మాత్రం చెరపనివ్వకండి.