సమస్యాపూరణం: ప్రాణమిచ్చినవాఁడె పో ప్రాణహంత

నిర్వాహకులు (విజయనగరం): నిన్న రాత్రి కరెంటు పోతే కొవ్వొత్తి వెలుగులో మేరీ షెల్లీ 1818 నాటి నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మళ్ళీ చదువుతూ ఉండగా ఈ పాదం తట్టింది. ఆ కథే వస్తువుగా పూరించండి. భస్మాసురుణ్ణీ, సింహాన్ని బతికించిన పండితులనూ ఈసారికి విడిచిపెట్టండి.

వంశధార:

శవపు ముక్కలు గూర్చి యా శాస్త్రవేత్త
ఊపిరూఁదియుఁ గని రూపు నోర్వలేక
విడిచి పాఱెను; బిడ్డఁడు విషముఁ గక్కె;
ప్రాణమిచ్చినవాఁడె పో ప్రాణహంత

నాగావళి: పెళ్ళినాటి రాత్రి నవవధువు ఎలిజబెత్ గొంతు నులిమినవి ఆ వికృతజీవి చేతులే అయినా, దోషాన్ని గది విడిచి పరుగెత్తిన సృష్టికర్త, ఆమె భర్త విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ మీదికి ‘బిడ్డఁడు’ అన్న ఒక్క మాటతో మళ్ళించారు, బాగున్నది. అయితే ‘ఊపిరి’లోని ఇత్తునకు సంధి ఎక్కడిదండీ? ‘ఊపిరినిఁ బోసి కని’ అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి. కిందటి నెల ‘ఫ్రాంకెన్‌స్టైన్ భూతము’ అని రాసినవారు, ఆ పేరు సృష్టించినవాడిదనీ, సృష్టికి పేరే లేదనీ ఇప్పటికి గ్రహించినందుకు సంతోషం. ఇక నా పూరణ:

తండ్రి శవముపైఁ గన్నీరు ధారగట్ట
మంచు కొస దాఁకి చితిఁ బేర్చి మండిపోదు
ననుచు వెడలెను బలిగొన్న యసురమూర్తి;
ప్రాణమిచ్చినవాఁడె పో ప్రాణహంత

చంపావతి: ప్రాణమివ్వడమంటే పోయడమని మేమందరం ఒకే దారిన పోతూ ఉంటే, విడవడమని మీరు విరిచారు. ధ్రువయాత్రికుడు వాల్టన్ ఓడలో విక్టర్ శవం పక్కన ఆ జీవి విలపించే ఘట్టం మొదటి పాదంలోనే కళ్ళకు కట్టింది. ఈ విరుపు కోసం ఇకారసంధులు పది క్షమించవచ్చు.

వంశధార: సంధి దోషం ఒప్పుకుంటున్నాను, సవరణ స్వీకరించాను. కాని నవలలో ఆ జీవి చితి పేర్చుకుంటానని చెప్పి మంచుపలక మీద చీకటిలో కొట్టుకుపోతుందే తప్ప, కాలినట్టు ఎక్కడా లేదు. ఇంకా ఇవ్వని ప్రాణానికి ‘ఇచ్చినవాఁడె’ అని భూతకాలం ఎలా చెల్లుతుంది? కిందటి నెల మాట వచ్చింది కనుక అదీ చెబుతాను: అప్పుడు తమరు పిడుగు చేత ప్రాణం పోయించారు. నవలలో ఆ నవంబరు రాత్రి కిటికీ అద్దాల మీద వాన చినుకులే పడ్డాయి. పిడుగు పడినది విక్టర్‌కు పదిహేనేళ్ళప్పుడు, ఓక్ చెట్టు మీద.

నాగావళి: పిడుగు సినిమాదే, ఒప్పుకున్నాను. ‘ఇచ్చినవాఁడె’ మాత్రం నాది కాదండీ, నిర్వాహకులు ఇచ్చిన పాదం. భూతకాలం సంగతి వారినే అడగండి.