భవానీనగర్ ఇంట్లో బొమ్మల పెట్టెలు: అమ్మేయాలా, మెల్‌బోర్న్ తెప్పించుకోవాలా?

భవానీనగర్ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్ వచ్చి ఇంకా కుదురుకోలేదు, పాయింట్ కుక్‌లో ఒకరింట్లో గది తీసుకుని ఉంటున్నాను. తిరుపతిలో మా ఇల్లు బేరం కుదిరింది. అమ్మానాన్న చిత్తూరులో అక్క దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఇల్లు ఖాళీ చేసేలోపు నా బొమ్మల సంగతి తేల్చమని నాన్న రోజూ ఫోన్. ఊహ తెలిసినప్పటి నుంచి కూడబెట్టినవి: ఫన్‌స్కూల్ జీఐ జో సైనికులు, లియో మాటెల్ హాట్‌వీల్స్ కార్లు, కీ ఇచ్చే రేకు బొమ్మలు. వాటితోపాటు మా అవ్వ కొలువు పెట్టె, అందులో ఎర్రచందనం రాజారాణి జంట, మట్టి బొమ్మలు. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఒకాయన అన్నీ కలిపి ఒక రేటు చెప్పాడు. ఆ డబ్బు వస్తే ఇక్కడ పాత కారు ఒకటి వస్తుంది. అమ్మేయనా, ఓడలో తెప్పించుకోనా? తెలిసినవాళ్లు చెప్పండి.

తార్నీట్ పెద్దాయన:
తమ్ముడూ, బొమ్మలు తర్వాత, ముందు నీ పేరు మీద అద్దె ఇల్లు చూసుకో. ఒక్క గదిలో ఉంటూ ఓడ సామాను తెప్పించుకుంటే ఎక్కడ దింపుతావు? నా సంగతి విను. మావాడికి కార్ల బొమ్మలంటే పిచ్చి. వాడి కోసం హాల్లో అద్దాల బీరువా పెట్టాం, గోడకి చెక్క అరలు బిగించాం. ఇల్లు ఖాళీ చేసే రోజు ఏజెన్సీ అమ్మాయి వచ్చి సెల్‌ఫోన్ లైటు వేసి గోడంతా వెతికింది. అరలు తీసిన చోట పుట్టీ పెట్టి రంగు వేయించాను, చేత్తో తడిమినా తెలియదు. ఆ రంగు మిగతా గోడతో కలవలేదట, హాలు మొత్తం పెయింట్ చేయించాలట. బీరువా కాళ్ల కింద కార్పెట్ గుంటలు పడ్డాయని దానికి ఇంకొంత. కిచెన్ కిటికీ పక్కన మరక కూడా మాదేనట, మేం చేరకముందు నుంచీ ఉన్న మరక! బాండ్, అంటే చేరేటప్పుడు కట్టిన అడ్వాన్సు, మొత్తం వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమని ఈమెయిల్. ఫోన్ చేస్తే ఎత్తరు, ఆఫీసుకి పోతే మేనేజర్ లీవు. మా సంతకం లేకుండా మీకు పైసా రాదని మొహం మీదే చెప్పారు.

అది పచ్చి అబద్ధం. విక్టోరియాలో బాండ్ వాళ్ల జేబులో ఉండదు, ఆర్‌టీబీఏ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. మనమే అప్లికేషన్ పెట్టొచ్చు, 14 రోజుల్లో ఓనరు దాన్ని సవాలు చేయకపోతే డబ్బు మన ఖాతాలో పడుతుంది. నేను పెట్టాను, వాళ్లు వీక్యాట్‌కి, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లారు. అక్కడ విచారించినామె మొదట అడిగింది, చేరినప్పటి కండిషన్ రిపోర్ట్ ఏదీ అని. అందులో ఆ మరక నా చేతిరాతతో ఉంది, ఫొటోతో సహా. కార్పెట్ గుంటలు మామూలు వాడకంలో వచ్చేవే అంది. గోడకి మాత్రం కాస్త కోశారు. అందుకని ఇంట్లో చేరిన 5 పనిదినాల్లో ఆ రిపోర్ట్ నింపి ఇచ్చేయి. బాత్రూం టైలు మీద వెంట్రుకంత పగులు కూడా వదలకు.

వెరిబీ మదనపల్లె:
పెద్దాయనా, కుర్రాడు బొమ్మల గురించి అడిగితే మీరు బాండ్ కథ ఎత్తుకున్నారు, సరే. అరలకి ఓనర్ని అడిగారా లేదా? అది మాత్రం చెప్పలేదు.

తార్నీట్ పెద్దాయన:
ఎందుకు అడగాలి? 2021 మార్చి నుంచి రూల్ మారింది. ఇటుక బయటికి కనిపించే గోడ, కాంక్రీటు గోడ కాకపోతే అరలకి, బ్రాకెట్లకి స్క్రూలు అడక్కుండానే బిగించుకోవచ్చు.

వెరిబీ మదనపల్లె:
బిగించుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఎలా ఉన్న గోడని అలా చేసి అప్పగించాలని కూడా అక్కడే ఉంది. మీకు గోడ డబ్బు కోసింది అందుకే.

మంగళం రోడ్డు, ఇప్పుడు సిడ్నీ:
మీ గోడలు పక్కన పెట్టండి. బాబూ, నీకు అసలు టెన్షన్ క్వారంటైన్‌తో. చెయ్యితో తెచ్చినా ఓడలో తెచ్చినా కొయ్య వస్తువు డిక్లేర్ చేయాల్సిందే. చెప్తే తీసి చూస్తారు, శుభ్రంగా ఉంటే ఇచ్చేస్తారు. చెప్పకుండా దొరికితే ఫైన్, నీలాంటి టెంపరరీ వీసా వాళ్లకి వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకుంది. చెక్కకి గుండుసూది దూరేంత రంధ్రం, బొమ్మ కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే. అప్పుడు మందు పొగ పెట్టించాలి, లేదా వెనక్కి పంపాలి, లేదా వాళ్లే నాశనం చేస్తారు. ఏదైనా ఖర్చు నీదే.

ప్యాకింగ్ గురించి నాన్నగారికి ఈ రోజే చెప్పు. వరిగడ్డి వద్దు, ఆపిల్ పెట్టెలు వద్దు, గుడ్ల అట్టలు వద్దు. మన ఊళ్లో సామాను కట్టడమంటే ఈ మూడే కదా! కొత్త అట్టపెట్టెలు, బబుల్ షీటు, అంతే. మట్టి బొమ్మలకి కళ్లుగా గురివింద గింజలు అతికించినవి ఉంటే వాటిని అక్కడే వదిలెయ్, ఆ గింజల్ని ఈ దేశంలోకి రానివ్వరు. ఇక ఎర్రచందనం జంట మీద ఆశ పెట్టుకోకు. 1995 నుంచి సైటీస్‌లో, అంటే అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది, పర్మిట్ లేకుండా చిన్న ముక్క కూడా కదలదు.

బల్లారట్ ఏర్పేడు:
సగం కరెక్టు, సగం కాదు. మాధవమాల మా ఊరికి దగ్గర, కొయ్య చెక్కేవాళ్ల మధ్యే తిరిగాను. సైటీస్ రెండో అనుబంధంలో ఎర్రచందనం ఉన్న మాట నిజమే, కానీ దాని పక్కన ఏవేవి లెక్కకి వస్తాయో కూడా రాశారు: దుంగలు, చెక్క ముక్కలు, పొడి, సారం. చెక్కి పూర్తి చేసిన బొమ్మ ఆ మాటల్లో లేదు.

మంగళం రోడ్డు, ఇప్పుడు సిడ్నీ:
ఆ లిస్టు చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో చదివి వినిపించండి సార్, నేను పక్కన నిలబడి చూస్తా.

బల్లారట్ ఏర్పేడు:
అక్కడికే వస్తున్నా, ఆగండి. సైటీస్ వేరు, మన దేశపు ఎగుమతి రూల్ వేరు. శేషాచలంలో ఇంత స్మగ్లింగ్ జరుగుతుంటే ఎర్రచందనం అన్న మాట వినగానే ఆపి అడుగుతారు, అది వాళ్ల పని. లేపాక్షి ఎంపోరియంలో కొన్న బొమ్మకి బిల్లు చూపించి మాట్లాడొచ్చు. అవ్వ పెళ్లికి పెట్టిన జంటకి బిల్లు ఎక్కడి నుంచి తెస్తాడు? ఇంకో మాట. తమ్ముడూ, ఇది నూరేళ్ల నాటి బొమ్మ అని ఎవరి దగ్గరా గొప్పలు పోవద్దు. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు లెక్కలోకి వస్తుంది, దాన్ని దేశం దాటించడానికి నీకు హక్కు లేదు. నిజంగా అంత పాతదే అయితే పేచీ లేదు, ఇంట్లోనే ఉంచండి.

కాణిపాకం అక్క:
నాయనా, కొలువు పెట్టెని ఆ లెక్కలో కలిపి రేటు మాట్లాడటమేంటి? కార్లు, సైనికులు నువ్వు కొనుక్కున్నవి, నీ ఇష్టం. ఆ రాజారాణి మరపాచి జంట మీ అవ్వది, ఆ తర్వాత మీ అమ్మది. అక్క చిత్తూరులోనే ఉంది కదా, ఆమెని అడిగావా? మా ఇంట్లో ఆ జంట నాకు రావాల్సింది. మా పిన్ని కోడలు దసరాకి అడిగి తీసుకుపోయింది, ఇంతవరకూ తిరిగి రాలేదు. అడిగితే పై మెట్టు మీద పెట్టేశాం కదా వదినా, కదిలించకూడదు అంటుంది. ఏ దసరా పై మెట్టో ఇప్పటికీ దించలేదు!

రాజమండ్రి, ఇప్పుడు అడిలైడ్:
అక్కా, కొలువు సంక్రాంతికి కదండీ పెడతారు? మావైపు భోగి రోజున పెట్టి కనుమ దాటాక తీస్తారు.

కాణిపాకం అక్క:
మీవైపు సంక్రాంతికి. మాది అరవదేశం పక్కన ఉన్న జిల్లా నాయనా, దసరా తొమ్మిది రోజులూ మాకు కొలువే. తిరుపతిలో మహాలయ అమావాస్య నాటికే మెట్లు కట్టేస్తారు.

రాజమండ్రి, ఇప్పుడు అడిలైడ్:
కొండపల్లి దశావతారాలు లేకుండా అది కొలువే కాదని మా అమ్మమ్మ అనేదండీ, ఏ పండగైనా.

గ్రీమ్స్‌పేట, ఇప్పుడు బ్రిస్బేన్:
కుర్రాడు అడిగిందానికి ఎవరైనా జవాబు చెప్తారేమోనని ఇంతసేపూ చూశాను. నేను కార్లు కొంటాను, అమ్ముతాను, కాబట్టి వినండి.

అన్నీ కలిపి రేటు చెప్పినవాడికి నీ పెట్టెలో రెండో మూడో వస్తువులు కావాలి. వాటి విలువలో కొంత నీకిచ్చి, మిగతావి ఉచితంగా పట్టుకుపోతాడు. ఏది చూసి రేటు చెప్పాడో కనుక్కో, చెప్పడు, అయినా అడుగు. ఫన్‌స్కూల్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, ఎంఆర్‌ఎఫ్ వాళ్లు అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రోతో కలిసి 1987లో పెట్టిన కంపెనీ. అమెరికాలో ఒక రంగులో వచ్చిన సైనికుడు మన దగ్గర ఇంకో రంగు చొక్కాతో వచ్చేవాడు, ఆ తేడా కోసమే అక్కడివాళ్లు వెతుక్కుని కొంటారు. అట్టకార్డు మీద ప్లాస్టిక్ బుడగ చెక్కుచెదరకుండా ఉంటే ఒక ధర, విప్పి ఆడుకున్నదైతే తుపాకీ, హెల్మెట్ ఉన్నా దానికి చాలా కింద ధర. లియో కార్లకీ అంతే, అట్ట ఉంటే వేరే లోకం.

సైనికుడిని నడుము దగ్గర పట్టుకుని మెల్లగా ఊపి చూడమను. పైభాగం, కాళ్లు విడిపోయినట్టు ఊగులాడితే లోపలి నల్ల రబ్బరు రింగు ఎండిపోయిందని అర్థం. వీపున ఉన్న స్క్రూ తీసి కొత్తది వేయొచ్చు, అది లోపం కింద లెక్క కాదు. బొటనవేలు విరిగితే మాత్రం అయిపోయింది. తుపాకీ చేతిలో బలవంతంగా దూర్చినవాటికి అన్నిటికీ ఆ వేలే పోతుంది. మీ నాన్నకి గట్టిగా చెప్పు, తుపాకులు పెట్టి ఫొటోలు తీయొద్దని. మీ అమ్మకి ఇంకా గట్టిగా చెప్పు, కొబ్బరినూనె పూసి తుడవొద్దని. రంగు పోయిన కారుకి కొత్త రంగు వేస్తే విలువ పెరగదు, ఉన్నది కూడా పోతుంది. బ్యాటరీలు ఉన్న బొమ్మలుంటే ఈ రోజే తీసేయాలి, అవి కారితే లోపలి రేకులన్నీ తినేస్తాయి.

ధర తెలుసుకోవాలంటే అమ్మకానికి పెట్టినవాటి రేట్లు చూడకు, అవి ఆశలు. ఈబేలో అమ్ముడుపోయినవి అని ఫిల్టర్ పెట్టి చూడు. చూశాక, మళ్లీ కావాలనిపిస్తే ఎప్పుడైనా దొరికేవి ఒక పక్కకి తీయి, వాటిని నిశ్చింతగా అమ్ముకో. మామూలు హాట్‌వీల్స్ అన్నీ అందులోకే పోతాయి. అట్టతో ఉన్న ఫన్‌స్కూల్‌వి, రేకు బొమ్మల్లో కీ ఇంకా తిరిగేవి ఇల్లు ఖాళీ చేసే తేదీ చూసి అమ్మొద్దు. తొందరలో ఉన్నవాడి గొంతు కొనేవాడికి ఫోన్‌లోనే తెలిసిపోతుంది.

ఓడ సంగతి. 12 నెలలు సొంతంగా వాడిన సామాను అయితే బీ534 ఫారం నింపి పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. ఇక్కడ అమ్ముకోవడానికి తెస్తే అది సొంత సామాను కిందికి రాదు, ముందే ఆలోచించుకో. చెన్నైలో చెప్పే ఫ్రైట్ రేటు చూసి సంబరపడకు, మెల్‌బోర్న్ రేవులో దింపే ఛార్జీలు, పెట్టె విప్పి చూసే ఛార్జీలు విడిగా ఉంటాయి. ఈ కాస్త సామానుకి ఓడ దండగ.

వెరిబీ మదనపల్లె:
మరి అమ్మితే టాక్స్? అది ఒక్కరూ చెప్పలేదు.

గ్రీమ్స్‌పేట, ఇప్పుడు బ్రిస్బేన్:
సొంత వాడకానికి కొన్న వస్తువు, కొన్న ధర పదివేల డాలర్ల లోపు ఉంటే క్యాపిటల్ గెయిన్స్ లేదు. పురాతన వస్తువు కింద లెక్కేస్తే ఆ హద్దు 500 డాలర్లు. తిరుపతిలో జేబు ఖర్చుతో కొన్న సైనికుడు ఏ లెక్కలో చూసినా దానికి చాలా కిందే ఉంటాడు. కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే అది వ్యాపారం, అప్పుడు వేరే కథ, వీసా షరతులు కూడా చూసుకోవాలి.

భవానీనగర్ కుర్రాడు:
అందరికీ థాంక్స్. అక్కకి ఫోన్ చేశాను. కొలువు పెట్టె అంతా తనే తీసుకుంటానంది. అడగలేదని ఇన్నాళ్లూ కోపంగా ఉందట, అది కూడా చెప్పింది. ఆ ఒకాయనకి కుదరదని చెప్పేశాను. వెంటనే రేటు పెంచాడు, అన్న చెప్పినట్టు ఏది చూసి పెంచావని అడిగితే జవాబు లేదు. మామూలు కార్లు తిరుపతిలోనే అమ్మేయమని నాన్నకి చెప్పాను. అట్టలతో ఉన్నవి, రేకు బొమ్మలు చిత్తూరులో అక్క బీరువాలో పెడతారు. ఒక్క చిన్న డబ్బా, విప్పి ఆడుకున్న సైనికులు, కొయ్య కానీ మట్టి కానీ లేదు, అవి మాత్రం నా దగ్గర ఉంటే బాగుండుననిపిస్తోంది. తిరుపతి నుంచి ఎవరైనా వస్తుంటే చెప్పండి.

తార్నీట్ పెద్దాయన:
మేం సంక్రాంతికి వెళ్తున్నాం, తిరుగు ప్రయాణంలో రెండు కిలోలు ఖాళీ పెట్టిస్తాలే. నువ్వు మాత్రం ఈలోపు ఇల్లు చూసుకో.

వెరిబీ మదనపల్లె:
డిక్లరేషన్ మీద సంతకం మీది పెద్దాయనా, అబ్బాయిది కాదు. డబ్బా విప్పి, ఒక్కొక్కటీ బయటికి తీసి చూసుకుని మీరే ప్యాక్ చేయండి. గుడ్ల అట్టలో కట్టి ఇస్తారు, చూడండి కావాలంటే.